పత్తి సాళ్లలో చిన్న ట్రాక్టర్: రెండు పంటలు తోలాక నా మాట

నర్సంపేట వైపు మాది ఆరెకరాల ఎవుసం. మూడున్నర ఎకరాల నల్లరేగడిలో పత్తి, ఎకరం చెల్కలో (ఎర్ర ఇసుక నేల) మిర్చి, మిగతా ఎకరంన్నర చెరువు కింద వరి మడి. ఈ మూడింటికీ పనికొచ్చేలా 2025 మిర్గానికి (మృగశిర కార్తెకు) ముందు 24 హెచ్‌పీ ఫోర్ వీల్ డ్రైవ్ చిన్న ట్రాక్టర్ తీసుకున్నాం. ఒక వానకాలం, ఒక యాసంగి పూర్తిగా తోలాక రాస్తున్నాను. దాని వెనక తగిలించుకున్న రోటావేటర్ (తిరిగే బ్లేళ్లతో మట్టిని పొడి చేసేది), ఐదు పళ్ల కల్టివేటర్, బోదెలు తోలే రిడ్జర్, మందు కొట్టే పంపు, చిన్న ట్రాలీ గురించి కూడా రాస్తాను, ఎందుకంటే ఉత్త ట్రాక్టర్ గురించి రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. చేనులో పని చేసేది ఆ వెనక ఉన్నవే.

ముందే సూటిగా చెప్తాను. పత్తి, మిర్చి, పసుపు, కూరగాయలు వేసేవాళ్లకు, పదెకరాల లోపు భూమి ఉండి సాళ్ల మధ్య పనే పెద్ద తలనొప్పిగా ఉన్నవాళ్లకు ఇది మంచి బండి. ఊరంతా కిరాయికి దున్ని కిస్తీ కట్టుకుందాం, వడ్లు మార్కెట్‌కు లాగుదాం అనుకునేవాళ్లు దీని జోలికి పోవద్దు, 45, 50 హెచ్‌పీ పెద్ద బండే తీసుకోండి.

మాకు దీని అవసరం ఎందుకొచ్చిందంటే అరకలు లేవు. మా ఊర్లో ఎడ్ల జతలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మిగిలాయి. ఉన్నవాళ్లు ముందు తమ చేను, తర్వాత తమ అన్నదమ్ముల చేను చూసుకుని మనకు వచ్చేసరికి గడ్డి మోకాలెత్తు లేస్తుంది. పత్తికి మొదటి రెండు నెలలు కలుపు లేకుండా చూసుకుంటేనే పైరు నిలబడుతుందని అందరికీ తెలుసు, కానీ సరిగ్గా ఆ రోజుల్లోనే వాన తెరిపి ఇచ్చిన నాలుగు రోజులకు ఊరంతా ఒక్కసారే అరక కావాలంటుంది, కైకిలివాళ్లు (కూలీలు) కావాలంటుంది. అటు వరి నాట్లు కూడా అప్పుడే మొదలవుతాయి కాబట్టి కలుపుకు మనిషి దొరకడు. అదును మన చేతిలో లేకపోవడం ఎంత బాధో పత్తి వేసినవాళ్లకే తెలుసు. ఆ ఒక్క బాధ తీరుతుందని ఆశపడి కొన్నాం. తీరింది కూడా.

ఇక కంపెనీల సంగతి. ఈ తరగతిలో చూడదగ్గవి చాలానే ఉన్నాయి. కుబోటాలో బి2441 అని 24 హెచ్‌పీ, మూడు సిలిండర్ల బండి ఉంది. మహీంద్రాలో జీవో 245 కూడా 24 హెచ్‌పీయే, రెండు సిలిండర్లు. మహీంద్రా వాళ్లే 2023 ఆగస్టులో ఓజా అని కొత్త వరుస తెచ్చారు, అవి మన జహీరాబాద్ ఫ్యాక్టరీలోనే తయారవుతాయి, 20 హెచ్‌పీ నుంచి 40 దాకా ఉన్నాయి, అన్నీ ఫోర్ వీల్ డ్రైవే. జాన్ డీర్‌లో 3028 అని 28 హెచ్‌పీది ఉంది, కొంచెం బరువైన బండి. పవర్ టిల్లర్లకు పేరున్న వీఎస్టీ, స్వరాజ్, సోనాలికా వాళ్లకు కూడా చిన్నవి ఉన్నాయి. మూడు సిలిండర్ల ఇంజన్ కొంచెం మెత్తగా నడుస్తుంది, చేతులు అంతగా అదరవు. రెండు సిలిండర్లది తక్కువ ఆర్‌పీఎంలో బాగానే లాగుతుంది కానీ రోజంతా కూర్చుంటే ఆ అదురు నడుముకు తెలుస్తుంది. నేను తీసుకున్నది వీటిలో ఏదో రాయడం లేదు. బండితో నాకు ఏ ఫిర్యాదూ లేదు, అమ్మిన షోరూమ్‌తో మాత్రం గొడవ ఉంది, అది కింద రాస్తాను, ఆ కోపం కంపెనీకి అంటకూడదు.

ఏ కంపెనీ అయినా సరే, షోరూమ్‌కు పోయేముందు చేయాల్సిన పని ఒకటుంది. టేపు పట్టుకుని మీ సాలు కొలవండి. మన దగ్గర రేగడిలో చాలామంది పత్తికి మూడడుగుల సాలు, మొక్కకు మొక్కకు రెండడుగులు పెడతారు. ఈ చిన్న ట్రాక్టర్ల వెడల్పు టైరు అంచు నుంచి టైరు అంచు దాకా మూడుంపావు, మూడున్నర అడుగులు ఉంటుంది. మూడడుగుల సాలులోకి అది దిగదు. అమ్మేటప్పుడు "అన్నా, పత్తిలో కూడా తిరుగుతది" అంటారు, ఎంత సాలులో అన్నది చెప్పరు. అందుకే మేం బండి మాట్లాడుకున్నప్పుడే సాలు నాలుగడుగులకు మార్చాలని అనుకున్నాం.

మా బాపు దీనికి ఒప్పుకోలేదు. "సాలు ఎడం చేస్తే చెట్లు తగ్గుతయి, దిగుబడి ఏడికెళ్లి వస్తది?" అని గట్టిగానే అడిగాడు. ఆయన అడిగినదాంట్లో న్యాయం ఉంది, కానీ లెక్క వేరే ఉంది. మూడడుగులు ఇంటూ రెండడుగులు అంటే ఒక మొక్కకు ఆరు చదరపు అడుగుల జాగ. నాలుగడుగులు ఇంటూ అడుగున్నర అన్నా ఆరే. ఎకరం 43,560 చదరపు అడుగులు కాబట్టి ఎట్లా వేసినా 7,260 మొక్కలే వస్తాయి. ఎడం సాళ్లలో పెరిగి మొక్కల మధ్య తగ్గుతుంది, అంతే. విత్తనం ఖర్చు కూడా మారదు. పైగా సాలు ఎడం ఉంటే గాలి, వెలుతురు కింది కాయ దాకా పోతాయి, మందు కొట్టేటప్పుడు, పత్తి ఏరేటప్పుడు మనిషి నడవడానికి బాగుంటుంది. ఏరడానికి వచ్చిన ఆడవాళ్లు ఈ సంగతి వాళ్లంతట వాళ్లే అన్నారు, కొమ్మలు కాళ్లకు గీసుకోవడం తగ్గిందట.

అచ్చు తోలేటప్పుడే, అంటే విత్తే ముందు సాళ్లు గీసేటప్పుడే, అవి తిన్నగా రావాలి. ఇది నేను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. అరకతో అయితే సాలు కొంచెం వంకర పోయినా ఎడ్లు సర్దుకుని నడుస్తాయి. ట్రాక్టర్‌కు రెండు పక్కలా మిగిలేది మూడు నాలుగు అంగుళాలే, సాలు వంకర ఉన్న చోట టైరు మొక్క మీదికే పోతుంది. తాడు కట్టి అచ్చు తోలండి. ఇంకోటి, చేను రెండు చివర్లా బండి తిరగడానికి పదడుగులైనా జాగ వదలాలి. మేం ఆ జాగలో బర్రెలకు జొన్న గడ్డి చల్లుకున్నాం, కొంత తొక్కుడు పడ్డా నష్టం లేదు. కుంటల్లెక్కన ముక్కలు ముక్కలుగా ఉన్న చేను అయితే ఈ తిరిగే జాగకే చాలా పోతుంది, అట్లాంటి వాళ్లకు చేత్తో పట్టుకుని నడిపే కలుపు మిషన్, పవర్ వీడరే నయం.

ఇప్పుడు రోటావేటర్. డబ్బులు ఎక్కడ పెట్టినా పెట్టకున్నా ఇక్కడ మంచిది చూసి పెట్టండి. షోరూమ్‌లో బండితో పాటు నాలుగడుగుల రోటావేటర్ అంటగట్టాలని చూశారు, ఆఫర్ అన్నారు. నాలుగడుగుల సాలులో నాలుగడుగుల రోటావేటర్ ఎట్లా తిరుగుతుంది? మూడడుగులదే కావాలని పట్టుబట్టి, వాళ్ల దగ్గర లేదంటే వరంగల్‌లో పనిముట్లు అమ్మే వేరే దుకాణంలో తీసుకున్నాం. బ్లేళ్లు ఎల్ ఆకారంవి, పక్కన గేర్ డ్రైవ్ ఉన్నది. చైన్ డ్రైవ్‌ది కొంచెం చవకగా వస్తుంది కానీ గట్టి నేలలో చైన్ సాగుతుంది, తెగితే సీజన్ మధ్యలో చేను పక్కన కూర్చోవాలి.

పత్తిలో దీన్ని లోతుగా దించొద్దు. రెండు మూడు అంగుళాలు చాలు. పక్కలకు పాకే సన్న వేర్లు పైపైనే ఉంటాయి, లోతుగా తోలితే అవి తెగి మొక్క రెండు రోజులు వాడిపోతుంది. పక్కన నేల మీద జారే ఇనుప పట్టీలను (స్కిడ్లను) సరిచేసుకుని లోతు కట్టడి చేసుకోవచ్చు. మొదటిసారి మొక్క జానెడు ఉన్నప్పుడు తోలాం, అప్పుడు చూడాలి, వెనక్కి తిరిగి చూస్తే గడ్డి మట్టిలో కలిసిపోయి సాలంతా పొడిపొడిగా, పత్తి మొక్క ఒక్కటే నిలబడి ఉంటుంది. మొక్క మొదలు దగ్గర రెండు పక్కలా అర అడుగు జాగ మిగులుతుంది, అది మాత్రం చేతితోనే తీయాలి. అయినా కలుపు కైకిలి ఖర్చు సగానికి పైగా తగ్గింది. పైరు తొడల ఎత్తు వచ్చి కొమ్మలు సాలులోకి చాచాక ఇక బండిని లోపలికి పోనివ్వొద్దు, పూత, గూడ (మొగ్గ) రాలిపోతుంది.

అదును గురించి ఒక మాట. చెల్కలో వాన పడ్డ మర్నాడు తోలినా పరవాలేదు. రేగడిలో అట్లా కుదరదు. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది కదా, దిగబడదు కదా అని తడి రేగడిలో తోలితే బండి పోతుంది, నిజమే, కానీ టైర్ల కింద మట్టి అణిగి ఎండాక రాయిలా అవుతుంది, రోటావేటర్ బ్లేళ్లకు బంక మట్టి చుట్టుకుంటుంది. మట్టి చేతిలోకి తీసుకుని ఉండ చేస్తే విరిగిపోవాలి, అప్పుడు తోలాలి. 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుఫాను వచ్చినప్పుడు మన వరంగల్, హనుమకొండ ఎంత మునిగాయో చూశారు. ఆ వాన తర్వాత మా రేగడి చాలా రోజులు అడుగు పెట్టనివ్వలేదు. ఏ ట్రాక్టరూ అట్లాంటి నేలలో చేయగలిగింది ఏమీ ఉండదు, ఆగాల్సిందే.

ఫోర్ వీల్ డ్రైవ్ కావాలా, టూ వీల్ సరిపోతుందా అని చాలామంది అడుగుతున్నారు. టన్ను కూడా లేని బండి ఇది, బరువు లేనప్పుడు పట్టు దొరకాలంటే నాలుగు చక్రాలూ లాగాలి. నా మట్టుకు రేగడి, మడి ఉన్నవాళ్లు టూ వీల్ తీసుకోవడం దండగ. ఉత్త చెల్క, తోటలు ఉన్నవాళ్లకు అదే చాలు. రోడ్డెక్కగానే ఆ లివర్ తీసేయాలి, తారు రోడ్డు మీద ఫోర్ వీల్‌లో నడిపితే ముందు టైర్లు అరుగుతాయి, లోపల గేర్ల మీద ఒత్తిడి పడుతుంది. ముందు టైర్లు మార్చాల్సి వచ్చినప్పుడు కంపెనీ ఇచ్చిన సైజే వేయించండి. చవకగా వచ్చిందని వేరే సైజు వేస్తే ముందు చక్రం, వెనక చక్రం లెక్క తప్పి ఖర్చు పెద్దదవుతుంది.

ఇంజన్ తిరుగుడును వెనక పనిముట్టుకు అందించే పీటీఓ షాఫ్ట్ గురించి ఎవరూ చెప్పరు కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను. రోటావేటర్‌తో వచ్చే షాఫ్ట్ అన్ని సైజుల ట్రాక్టర్లకు సరిపోయేలా పొడుగ్గా వస్తుంది. చిన్న ట్రాక్టర్‌కు దాన్ని కొలిచి కోయించాలి. కోయకుండా బిగిస్తే రోటావేటర్ ఎత్తినప్పుడు షాఫ్ట్ లోపలికి పూర్తిగా ముడుచుకుని, ఇంక జాగ లేక ట్రాక్టర్ వైపు బేరింగ్‌ను, రోటావేటర్ గేర్‌బాక్స్‌ను పొడుస్తుంది. పగిలేది మన వస్తువే. ఎత్తి దించి ఏ చోట ట్రాక్టర్‌కు రోటావేటర్‌కు మధ్య దూరం అన్నిటికంటే తక్కువ ఉందో అక్కడ కొలిచి, అప్పుడు కూడా లోపల అంగుళానికి పైన ఖాళీ ఉండేలా చూడాలి. మరీ పొట్టిగా కోసినా ప్రమాదమే, రెండు గొట్టాలూ ఒకదాంట్లో ఒకటి కనీసం మూడో వంతైనా కూర్చుని ఉండాలి. మా దగ్గర దీన్ని పనిముట్ల దుకాణం మెకానిక్ వచ్చి చేశాడు, వయసులో చిన్నవాడే కానీ పని తెలిసినవాడు. "అన్నా, మూల తిరిగేటప్పుడు పీటీఓ బంద్ చేసి ఎత్తు, తిరిగినాక దించి మళ్లీ వెయ్" అని చెప్పి రెండు సాళ్లు దగ్గరుండి తోలించాడు. ఎత్తి ఉన్నప్పుడు షాఫ్ట్ తిరుగుతుంటే క్రాస్‌లు (దాని కీళ్లు) టకటకమని కొట్టుకుంటాయి, ఆ చప్పుడు వినపడిందంటే వాటి ఆయుష్షు తగ్గుతున్నట్టే.

మీటర్‌లో పీటీఓ 540 అని ఒక గీత ఉంటుంది, రోటావేటర్ పనిలో సూది ఆ గీత దగ్గరే ఉండాలి. డీజిల్ మిగులుతుందని ఆర్‌పీఎం తగ్గించి తోలితే మట్టి చిట్లదు, ఇంజన్ ఈడ్చుకుంటుంది. కొన్నింటిలో ఎకానమీ పీటీఓ అని ఇంకో స్థానం ఉంటుంది, అది మందు పంపు లాంటి తేలిక పనులకు పనికొస్తుంది. డీజిల్ మాకు రోటావేటర్ పనిలో గంటకు మూడు లీటర్ల దాకా, కల్టివేటర్‌కు, పంపుకు ఇంకా తక్కువ తాగుతోంది.

కల్టివేటర్ గురించి చెప్పుకోవడానికి పెద్దగా లేదు. ఐదు పళ్లది చెల్కలో హాయిగా లాగుతుంది, ఎండిన రేగడిలో గీతలు పెడుతుంది తప్ప లోపలికి దిగదు. ఎండాకాలం లోతు దుక్కి కావాలంటే పెద్ద ట్రాక్టర్‌ను, రెండు చాళ్ల నాగలిని కిరాయికి పిలవండి, మేం ఇప్పటికీ పిలుస్తున్నాం. పత్తి కట్టెను ముక్కలు చేసి నేలలో కలిపే ష్రెడ్డర్ కూడా అంతే, ఈ హెచ్‌పీకి మించిన పని. అన్నీ ఈ బండే చేయాలని దాని మీద బలవంతం పెట్టడం అన్యాయం.

మిర్చికి రిడ్జర్ బాగా కలిసొచ్చింది. మిర్చికి నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుందని మనకు తెలిసిందే, బోదె ఎంత ఎత్తుగా, ఎంత తిన్నగా వస్తే తోట అంత బాగుంటుంది. మనుషులతో బోదెలు వేయించడం ఇప్పుడు అయ్యే పని కాదు. రిడ్జర్ రెక్కలు సర్దుకుని, ముందు రోటావేటర్‌తో మట్టి పొడి చేసి, తర్వాత బోదె తోలి, దాని మీద డ్రిప్పు పైపులు పరిచాం. మన వరంగల్ చపాటా మిర్చికి 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చాక ఇక్కడ చాలామంది మళ్లీ దాని వైపు చూస్తున్నారు. ఏ రకం వేసినా బోదె పద్ధతిలో వేసుకుంటే ఈ చిన్న బండి ఆ తోటలో చివరి దాకా పనికొస్తుంది.

నన్ను అడిగితే రోటావేటర్ తర్వాత రెండో స్థానం మందు పంపుదే. మిర్చి తోటకు నల్ల తామర పురుగు వచ్చినప్పటి నుంచి మందు కొట్టడం ఎంత పెరిగిందో చెప్పక్కర్లేదు. వీపు మీద ఇరవై లీటర్ల డబ్బా మోసుకుని, ఎండలో, ముఖానికి తగులుతున్న మందులో నడిచే మనిషి ఆరోగ్యం ఏమవుతుంది? మా బాపు చేతుల మీద ఆ మచ్చలు ఇంకా ఉన్నాయి. ఇప్పుడు ట్రాక్టర్ ఒడ్డు మీదే ఉంటుంది, పీటీఓతో పంపు తిరుగుతుంది, పొడుగాటి పైపు పట్టుకుని గన్‌తో కొడతాం. సన్నగా, ఆకు కింది వైపు కూడా తడిసేలా పడుతుంది, పని సగం పూటలో అయిపోతుంది. పైపు లాగడానికి రెండో మనిషి కావాలి, మొహానికి మాస్కు, చేతులకు గ్లౌజులు అప్పుడూ కావాలి, గాలికి ఎదురుగా కొట్టొద్దు.

ట్యాంకు సైజు దగ్గర ఆశపడకండి. ఈ తరగతి బండ్లలో చాలావాటికి లిఫ్ట్ (వెనక ఎత్తగలిగే బరువు) 750 కిలోలు అని రాసి ఉంటుంది. 400 లీటర్ల ట్యాంకు నింపితే నీళ్లే నాలుగు క్వింటాళ్లు, పంపు, ఫ్రేము, ట్యాంకు కలిపితే ఇంకో క్వింటా. లెక్కకు 750 లోపే, కానీ ఆ బరువంతా వెనక చక్రాలకు అవతల వేలాడుతుంటుంది, ఒడ్డు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు తేలుతాయి, స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. మేం 200 లీటర్ల డ్రమ్ముతోనే నడుపుతున్నాం, బాయి దగ్గర మళ్లీ నింపుకుంటాం. పెద్ద ట్యాంకే కావాలంటే ముందు బంపర్‌కు వెయిట్లు వేయించండి.

వరి మడిలో ఎట్లా ఉంటుందో అని నాకు కొన్నప్పుడు అనుమానం ఉండేది, అక్కడ ఇది మంచి పని చూపించింది. చెరువు కింద మా మడిలో పెద్ద ట్రాక్టర్ ఒక మూలకు పోతే దిగబడుతుంది, దాన్ని లాగడానికి ఇంకో ట్రాక్టర్ రావాలి. ఈ బండి తేలిక కాబట్టి, సగం కేజ్ వీల్స్ (బురదకు వేసే ఇనుప చక్రాలు) బిగించుకుని ఫోర్ వీల్‌లో మెల్లగా పోతే కరిగెట (నాటుకు ముందు బురద దుక్కి) బాగానే దున్నుతుంది, మూలల్లో కూడా తిరుగుతుంది. పెద్ద బండితో పోలిస్తే ఆలస్యమే, కానీ ఎకరంన్నరకు ఆ ఆలస్యం లెక్క కాదు. కేజ్ వీల్స్‌ను ట్రాలీలో వేసుకుని పోయి మడి దగ్గరే బిగించండి. తారు రోడ్డు మీద కేజ్ వీల్స్‌తో పోతే కేసులు పెడుతున్నారు, పెట్టాలి కూడా, ఊరి రోడ్లు అట్లానే పాడైపోయాయి. బురద పని అయిన రోజే చక్రాల మధ్య, ముందు యాక్సిల్ సీళ్ల దగ్గర మట్టి కడిగి గ్రీజు కొట్టాలి. గడ్డిపోచలు, తాడు ముక్కలు సీలు దగ్గర చుట్టుకుని ఉంటాయి, వాటిని తీయకపోతే సీలు కోసుకుపోయి నూనె కారుతుంది.

ట్రాలీ మాత్రం ఇంటికీ చేనుకూ మధ్య పనులకే. ఎరువు బస్తాలు, పత్తి బోరాలు, గడ్డి, పైపులు, అంతే. బండి బరువే టన్ను లోపు ఉన్నప్పుడు వెనక రెండు టన్నులు వేసి దిగుడు రోడ్డు మీద బ్రేకు కొడితే ట్రాలీయే ట్రాక్టర్‌ను తోసుకుపోతుంది. ఏనుమాముల మార్కెట్‌కు మేం మిర్చిని ఇప్పటికీ కిరాయి బండిలోనే పంపుతాం.

షోరూమ్ గొడవ ఏంటంటే, ఇచ్చేటప్పుడు ఉన్న మర్యాద ఇచ్చాక లేదు. రిజిస్ట్రేషన్ కాగితాలు వారంలో అన్నారు, నెలలు తిప్పారు. ఇంకా బాధ కలిగించింది సర్వీసు. కొత్త బండికి మొదటి యాభై గంటలకు ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు మార్చడం చాలా ముఖ్యం, కొత్త ఇంజన్ భాగాలు రాసుకుని వచ్చిన ఇనుప రజను అందులోనే ఉంటుంది. ఆ యాభై గంటలు సరిగ్గా జూలైలో, పత్తిలో పని ఊపందుకున్నప్పుడు పూర్తవుతాయి. ఫోన్ చేస్తే ఇవాళ వస్తాం, రేపు వస్తాం. వానకాలంలో రైతుకు రేపు అంటే ఎంత విలువో ట్రాక్టర్లు అమ్మి బతికేవాళ్లకు తెలియకపోతే ఎట్లా? చివరికి మా మామ కొడుకు ఇంకో జిల్లాలో అదే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో మాట్లాడితే వాళ్ల మెకానిక్ వచ్చి చేసిపోయాడు, వారంటీ పుస్తకంలో ముద్ర కూడా వేశాడు. కాబట్టి కొనేముందు షోరూమ్‌లో కాఫీ తాగుతూ ధర బేరం చేయడం కాదు, అదే షోరూమ్‌లో రెండేళ్ల కింద కొన్న రైతు ఇంటికి పోయి సర్వీసు ఎట్లా ఉందో అడగండి. "కాకా, మెకానిక్ ఫోన్ ఎత్తుతడా?" అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు.

మనం చేసుకునే పనులు పెద్దవేం కావు. రేడియేటర్ ముందు జాలీని రోజూ దులపాలి, పత్తి దూది, మక్క పొట్టు పట్టి వేడెక్కుతుంది. ఎయిర్ ఫిల్టర్ చూసుకోవాలి. రోటావేటర్ బ్లేళ్ల బోల్టులు కొత్తలో కొద్ది గంటలకే వదులవుతాయి, బిగించాలి. చెల్కలో గరుకు ఇసుక, గులకరాళ్ల వల్ల బ్లేళ్లు రేగడిలో కంటే తొందరగా అరుగుతాయి, ఒక సెట్టు ఇంట్లో పెట్టుకోండి.

డబ్బుల విషయం. నేను కొన్నప్పుడు ఈ తరగతి ఫోర్ వీల్ బండ్లు ఐదున్నర నుంచి ఆరున్నర లక్షల మధ్య పలికాయి. అప్పుడు జీఎస్టీ 12 శాతం. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద, పనిముట్ల మీద 5 శాతమే, టైర్లు, విడిభాగాల మీద కూడా 18 నుంచి 5కు తగ్గించారు, ఇప్పుడు కొనేవాళ్లకు అది నేరుగా కలిసొస్తుంది, బిల్లులో తగ్గిందో లేదో చూసుకోండి. కిస్తీ నెలనెలా పెట్టుకోవద్దు. పత్తి డబ్బులు, వడ్ల డబ్బులు వచ్చే నెలలకు ఆరు నెలల కిస్తీ పెట్టమని ఫైనాన్స్ వాళ్లను అడిగితే పెడతారు. పనిముట్లకు ప్రభుత్వ యాంత్రీకరణ పథకంలో ఎస్సీ, ఎస్టీ, సన్నకారు, చిన్నకారు, మహిళా రైతులకు 50 శాతం, మిగతావాళ్లకు 40 శాతం దాకా సబ్సిడీ ఉంటుంది. నిధులు, టార్గెట్లు మండలాన్ని బట్టి వస్తాయి కాబట్టి ఏఈఓను (వ్యవసాయ విస్తరణ అధికారిని) ముందే కలిసి పేరు రాయించుకోండి. చాలా ఇళ్లలో భూమి పట్టా ఆడవాళ్ల పేరు మీద కూడా ఉంటుంది, వాళ్ల పేరుతో దరఖాస్తు పెట్టండి. ట్రాలీకి విడిగా రిజిస్ట్రేషన్, బండికి ఇన్సూరెన్స్, నడిపేవాడికి లైసెన్స్, మూడూ ఉండాలి.

పిల్లలను మడ్‌గార్డు మీద కూర్చోబెట్టుకుని తోలడం మన ఊర్లలో మామూలైపోయింది. దయచేసి ఆ పని చేయకండి. ఈ చిన్న బండి సన్నంగా ఉంటుంది, ఒడ్డు మీద ఒక చక్రం ఎక్కితే పక్కకు ఒరుగుతుంది, ఒరిగితే ఆపేందుకు పైన ఏ ఇనుప చట్రమూ లేదు. పీటీఓ షాఫ్ట్ మీద ఉండే ప్లాస్టిక్ గొట్టం అడ్డమని చాలామంది పీకేస్తారు. ఆ షాఫ్ట్ నిమిషానికి 540 సార్లు తిరుగుతుంది, కొంగు, తువ్వాల, లుంగీ అంచు తగిలితే విడిపించుకునే సమయం దొరకదు. మందు కొట్టే రోజు పంపు దగ్గర ఆడవాళ్లు కూడా పని చేస్తుంటారు కాబట్టి ఆ గొట్టం పగిలితే ఆ రోజే కొత్తది వేయించండి.

షోరూమ్ ముందు సిమెంటు నేల మీద తోలి చూపించేది డెమో కాదు. మీ చేనుకు తెమ్మని అడగండి, మీ సాలులో, మీరు కొనబోయే రోటావేటర్‌తో తోలించండి, మీరే కూర్చుని మూల తిప్పి చూడండి. నాలుగడుగుల సాళ్లలో ఎట్లా పోతుందో చూడాలనుకునే మా చుట్టుపక్కల రైతులు జూలైలో మా చేనుకు రండి. వాన తెరిపి ఇచ్చిన మూడో నాడు పొద్దున బండి రేగడిలోనే ఉంటుంది, కూర్చోబెట్టి తోలిస్తాను.